నాన్నకి జ్వరం తగ్గట్లేదు, టెస్టులన్నీ అయ్యాయి. ఇంకేం చేయించాలి?

పల్నాటి_వాసు | సెప్టెంబర్ 14, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. నేను బెంగళూరులో ఉంటాను. అమ్మానాన్నలు వినుకొండ దగ్గర పల్లెలో ఉంటారు. నాన్నకి 57 ఏళ్ళు. షుగర్, బీపీ ఏమీ లేవు. ఇవాళ్టికి జ్వరం తొమ్మిదో రోజు. పగలు బాగానే తిరుగుతాడట. సాయంత్రం నాలుగైతే చాలు, వణుకు మొదలై 102 దాకా పోతోంది. తెల్లవారుజామున బనీను పిండేంత చెమట. నడుం నొప్పి అని కూడా అంటున్నాడు. అది పొలం పని వల్లేమో అనుకున్నాం.

రెండో రోజే ఊళ్ళో ఆర్‌ఎంపీ గారు రక్తం తీయించారు. వైడల్ పాజిటివ్ (ఓ 1:160, హెచ్ 1:80), టైఫాయిడ్ అన్నారు. ఐదు రోజులు ఇంజక్షన్లు చేశారు, తగ్గలేదు. ఏడో రోజు టౌన్లో చూపిస్తే డెంగీ ఎన్‌ఎస్1 నెగటివ్, మలేరియా కార్డు నెగటివ్. సీబీపీలో తెల్లకణాలు 4,600, ప్లేట్‌లెట్లు లక్షా అరవై వేలు. మళ్ళీ వైడల్ చేశారు, మళ్ళీ అదే 1:160. ఇంజక్షన్ మార్చారు.

ఫోన్లో అమ్మ గొంతు వింటుంటే టెన్షన్‌గా ఉంది. ఇంకే టెస్టు చేయించాలో తెలిసినవాళ్ళు చెప్పండి.

డల్లాస్_మావయ్య | సెప్టెంబర్ 14, రాత్రి 10:15

వాసూ, ఒక్కొక్కటీ కాదు, ఫుల్ బాడీ ప్యాకేజీ చేయించేయ్. ఇప్పుడు ఇంటికే వచ్చి రక్తం తీసుకెళ్తున్నారుగా. థైరాయిడ్, విటమిన్లు, అన్నీ వచ్చేస్తాయి.

నిజం_చెప్తా | సెప్టెంబర్ 14, రాత్రి 10:31

విటమిన్ డి తక్కువైతే 102 జ్వరం వస్తుందా మావయ్యగారూ? ల్యాబ్‌కి రాసిన ప్రతి చీటీకీ కమీషన్ ఉంటుంది, అందుకే ఇన్ని టెస్టులు. మా ఊళ్ళో వైడల్ నెగటివ్ వచ్చినవాణ్ణి నేనింతవరకు చూడలేదు.

సూక్ష్మదర్శిని | సెప్టెంబర్ 14, రాత్రి 11:05

నేను విజయవాడలో ల్యాబ్ టెక్నీషియన్ని, పదహారేళ్ళ సర్వీసు. కమీషన్ల సంగతి వదిలేస్తాను, అది నిజం కాదని చెప్పలేను. వైడల్ గురించి మాత్రం చెప్తాను.

ఇది 1896 నాటి పరీక్ష. క్రిమిని చూడదు, క్రిమి మీద మన ఒంట్లో తయారైన యాంటీబాడీలను చూస్తుంది. అవి తయారవడానికి వారం దాకా పడుతుంది. మరి రెండో రోజే పాజిటివ్ ఎలా వచ్చింది? ఎప్పుడో వచ్చిపోయిన ఇన్‌ఫెక్షన్ వల్ల కావచ్చు. మన ప్రాంతంలో టైఫాయిడ్ ఎక్కువ కాబట్టి ఏ జబ్బూ లేనివాళ్ళలో కూడా కొంత టైటర్ (1:160 లాంటి అంకె, యాంటీబాడీలు ఎంత ఉన్నాయో చెప్పేది) కనిపిస్తుంది. ఒక్క రిపోర్టుతో తేల్చకూడదు. పది, పద్నాలుగు రోజులు ఆగి రెండోసారి చేస్తే నాలుగు రెట్లు పెరగాలి. మీ నాన్నగారిది ఐదు రోజుల్లో కదల్లేదు. మధ్యలో యాంటీబయాటిక్ పడింది కాబట్టి దాన్ని పట్టుకుని టైఫాయిడ్ కాదని కూడా అనలేం. ఆ కాగితం ఎటూ చెప్పదు, అంతే.

ఎన్‌ఎస్1 కూడా అంతే. మొదటి నాలుగైదు రోజుల్లో చేస్తే పట్టుకుంటుంది. ఏడో రోజు చేయాల్సింది ఐజీఎం, అంటే యాంటీబాడీ పరీక్ష.

అసలు చేయాల్సింది బ్లడ్ కల్చర్, అంటే రక్తాన్ని సీసాలో పెట్టి అందులోని క్రిమిని పెంచి చూడటం. అదీ మొదటి యాంటీబయాటిక్ పడకముందు. పెద్దవాళ్ళకి ఒక్కో సీసాకి ఎనిమిది నుంచి పది మిల్లీలీటర్లు తీయాలి, రెండు చేతుల నుంచీ. మా దగ్గరికి మూడు మిల్లీలీటర్లు పోసి పంపేవాళ్ళే ఎక్కువ. అందులో ఏం దొరుకుతుంది చెప్పండి?

అరకు_పంతులమ్మ | సెప్టెంబర్ 15, ఉదయం 6:50

మలేరియా కార్డు ఒకసారి నెగటివ్ వస్తే వదిలేయకండి. మా హాస్టల్ పిల్లకి రెండుసార్లు నెగటివ్ వచ్చింది. మూడోసారి వణుకు మొదలవగానే ఆశా కార్యకర్త స్లైడ్ (మైక్రోస్కోపులో చూసే రక్తపు చుక్క) తీసి పంపితే వైవాక్స్ రకం మలేరియా అని తేలింది. నాకేమో తిరకాసుగా జరిగింది. ఫాల్సిపారం అనే ఇంకో రకం మలేరియా తగ్గిన మూడు వారాలకి కూడా కార్డు పాజిటివే చూపించింది. మళ్ళీ వచ్చిందని ఒకటే ఏడుపు. చచ్చిన క్రిమి తాలూకు ప్రోటీన్ రక్తంలో వారాల తరబడి ఉంటుందట, కార్డు దాన్నే పట్టుకుంటుందట. స్లైడ్‌లో ఏమీ లేదు.

నల్లకుంట_రాజు | సెప్టెంబర్ 15, ఉదయం 8:02

మా ఇంటి దగ్గరే కోరంటి దవాఖానా, అంటే జ్వరాల ఆసుపత్రి. క్వారంటైన్ అనే మాట మన నోట్లో నలిగి కోరంటి అయింది. బోర్డు మీద మాత్రం సర్ రోనాల్డ్ రాస్ పేరు ఉంటుంది. 1897 ఆగస్టు 20న ఆయన దోమ కడుపులో మలేరియా క్రిమిని చూసింది మన సికింద్రాబాద్‌లోనే. అంత చరిత్ర ఉన్న చోట కూడా వర్షాకాలంలో ఓపీ లైన్లో నిలబడితే ఉన్న జ్వరం రెట్టింపవుతుంది, అది వేరే సంగతి.

కోడలమ్మ | సెప్టెంబర్ 15, ఉదయం 9:20

ప్లేట్‌లెట్లు చూసుకుంటూ ఉండండి వాసుగారూ. మా అత్తగారికి డెంగీ అప్పుడు రోజుకి రెండుసార్లు లెక్కపెట్టాం. బొప్పాయి ఆకు రసం, కివీ పండ్లు, ఎవరేం చెబితే అది. చివరికి డాక్టరమ్మ విసుక్కుంది: "జ్వరం తగ్గాక వచ్చే ఒకటి రెండు రోజులే అసలు ప్రమాదం. ప్లేట్‌లెట్లతో పాటు పీసీవీ, అంటే రక్తంలో ఎర్రకణాల శాతం కూడా చూడాలమ్మా, అది పెరిగితే రక్తంలో నీరు బయటికి కారుతున్నట్టు" అని. ఆ కాలమ్ మేం ఒక్కరోజు కూడా చూడలేదు.

సీమ_ఫిజీషియన్ | సెప్టెంబర్ 15, మధ్యాహ్నం 2:10

కర్నూలులో జనరల్ మెడిసిన్ ప్రాక్టీసు చేస్తాను. మనిషిని చూడకుండా వైద్యం చెప్పను, మీ డాక్టర్ని అడగాల్సినవి మాత్రం చెప్తాను.

తొమ్మిది రోజుల జ్వరం, తెల్లకణాలు పెరగలేదు, సెఫ్ట్రియాక్సోన్ లాంటి ఇంజక్షన్‌కి లొంగలేదు. వానాకాలంలో పొలం పనిచేసే మనిషిలో నాకు ముందు గుర్తొచ్చేది స్క్రబ్ టైఫస్. గడ్డిలో, పొదల్లో ఉండే కంటికి కనిపించనంత చిన్న పురుగు కుడుతుంది. కుట్టిన చోట నల్లటి పొక్కు కడుతుంది, సిగరెట్‌తో కాల్చినట్టు ఉంటుంది. నొప్పి, దురద ఉండవు కాబట్టి రోగి చెప్పడు. చంకలు, గజ్జలు, నడుం దగ్గర బట్ట బిగించే చోటు, చెవి వెనక, అన్నీ లైటు వేసి చూడాలి. చాలామంది దగ్గర చొక్కా విప్పించి చూసేవాళ్ళే ఉండరు. దాని రక్తపరీక్ష స్క్రబ్ టైఫస్ ఐజీఎం ఎలైజా.

పిక్కల నొప్పి, కళ్ళు ఎర్రబడటం ఉంటే లెప్టోస్పైరోసిస్, అంటే ఎలుకలు, పశువుల మూత్రం నుంచి అంటే జబ్బు. ఇవికాక ఛాతీ ఎక్స్‌రే, పొట్ట స్కానింగ్, లివర్ పరీక్షలు, మూత్రం కల్చర్, హెచ్‌ఐవీ. నాన్నగారు ఏం పని చేస్తారు? ఈ మధ్య ఎక్కడికైనా వెళ్ళారా?

పల్నాటి_వాసు | సెప్టెంబర్ 15, సాయంత్రం 5:45

ధన్యవాదాలు సార్. వ్యవసాయమే. మిర్చి, పత్తి. రెండు గేదెలు ఉన్నాయి. ఊరు దాటి ఎక్కడికీ వెళ్ళలేదు, శుభకార్యాలకి కూడా అమ్మనే పంపుతాడు. రేపు గుంటూరు తీసుకెళ్తున్నాం, నేనూ బయల్దేరాను.

పల్నాటి_వాసు | సెప్టెంబర్ 17, రాత్రి 8:30

అడ్మిట్ చేశాం. పొక్కు కోసం ఒళ్ళంతా వెతికారు, కనపడలేదు. నాన్నకి ఒకటే సిగ్గు. ఎక్స్‌రే బాగుంది. స్కానింగ్‌లో తిల్లి (ప్లీహం) కొంచెం పెరిగిందన్నారు. లివర్ ఎంజైములు కొద్దిగా ఎక్కువ. మలేరియా స్లైడ్ రెండుసార్లు, డెంగీ ఐజీఎం, లెప్టో, హెచ్‌ఐవీ అన్నీ నెగటివ్. బ్లడ్ కల్చర్ రెండు సీసాలకి తీశారు. సూక్ష్మదర్శిని గారి మాట గుర్తొచ్చి ఎంత తీస్తున్నారో పక్కన నిలబడి చూశాను, సిస్టర్ అదోలా చూసింది. స్క్రబ్ రిపోర్టు రావాలి. ఈలోగా డాక్సీసైక్లిన్ మొదలుపెట్టారు.

పల్నాటి_వాసు | సెప్టెంబర్ 20, ఉదయం 10:00

మూడు రోజుల్లో జ్వరం పోయింది!! నాన్న ఇడ్లీ కాదు, పప్పన్నం కావాలంటున్నాడు. స్క్రబ్ ఐజీఎం మాత్రం నెగటివ్. మందు పనిచేసింది కదా, అదే అయ్యుంటుంది, మొత్తం ఏడు రోజులు వాడి ఆపండి అన్నారు. అందరికీ రుణపడి ఉంటాను.

సూక్ష్మదర్శిని | సెప్టెంబర్ 20, ఉదయం 11:12

సంతోషం తమ్ముడూ. కల్చర్ ఫైనల్ రిపోర్టు మర్చిపోకుండా తీసుకో. డిశ్చార్జి అయ్యాక దాన్ని అడిగేవాళ్ళే ఉండరు.

పల్నాటి_వాసు | సెప్టెంబర్ 23, సాయంత్రం 6:20

తీసుకున్నాను అక్కా. ఐదు రోజులకి ఏమీ పెరగలేదు అని ఉంది.

పల్నాటి_వాసు | అక్టోబర్ 9, రాత్రి 11:50

పాత చర్చనే మళ్ళీ పైకి తెస్తున్నాను, క్షమించండి. నాన్నకి మళ్ళీ మొదలైంది. మందు ఆపిన పన్నెండు రోజులకి. అదే సాయంత్రం జ్వరం, అదే చెమట. ఈసారి నడుం నొప్పి ఎక్కువ, మంచం మీంచి లేవాలంటే అమ్మ పట్టుకోవాల్సి వస్తోంది. ఐదు కిలోలు తగ్గాడు. టీబీ ఏమో అని ఒకరు, చెప్పకూడని మాట ఇంకొకరు అన్నారు. ఫైల్లో 31 రిపోర్టులున్నాయి, ఇందాకే లెక్కపెట్టాను.

డల్లాస్_మావయ్య | అక్టోబర్ 10, ఉదయం 7:15

ఇక ఆలస్యం చేయొద్దు. పెట్ స్కాన్ తీయించు. డబ్బు సంగతి మొహమాటపడకుండా నాకు మెసేజ్ పెట్టు.

సీమ_ఫిజీషియన్ | అక్టోబర్ 10, ఉదయం 9:40

మావయ్యగారి మనసు మంచిదే కానీ పెట్ స్కాన్ ఇప్పుడే వద్దు. మూడు వారాలు దాటినా కారణం తేలని 101 పైబడిన జ్వరానికి 1961లోనే పీటర్స్‌డార్ఫ్, బీసన్ అనే ఇద్దరు డాక్టర్లు ఒక నిర్వచనం ఇచ్చారు. ఇన్‌ఫెక్షన్లు, క్యాన్సర్లు, కీళ్ళవాతం కోవలోని జబ్బులు, ఇలా గుంపులు చేసుకుని వెతుకుతాం. అలాంటప్పుడు స్కాన్ కంటే ముందు చేయాల్సింది మొదటినుంచీ కథ మళ్ళీ అడగడం. టీబీ తప్పక చూడాలి. గుండె కవాటాలకి ఎకో కూడా. పాత కల్చర్ ఇంజక్షన్లు పడ్డాక తీసింది కాబట్టి దాన్ని నమ్ముకోలేం. ఇప్పుడు మందులు లేవు కదా, కొత్తది పంపడానికి ఇదే సమయం. ఎవరేం చెప్పినా అది తీసేదాకా ఒక్క యాంటీబయాటిక్ కూడా వేయనివ్వకండి.

గోపాలమిత్ర_సిద్దిపేట | అక్టోబర్ 10, మధ్యాహ్నం 1:25

అన్నా, నేను మనుషుల డాక్టర్ను కాదు. పశువులకు సూదులేసేటోన్ని. పైనుంచి మొత్తం చదివిన. గేదెలు రెండున్నయని రాసినవు. మా దిక్కు బర్రెలంటం. ఈ నాలుగైదు నెలల్ల మీ బర్రె ఏదైనా ఈసుకపోయిందా, అంటే నెలలు నిండకముందే కడుపు పోయిందా? ఏడు, ఎనిమిది నెలల చూడి మీద? అట్లయితే మాయ, అదే దూడ తర్వాత పడే పొర, ఎవరు తీసిండ్రు?

పల్నాటి_వాసు | అక్టోబర్ 10, మధ్యాహ్నం 2:40

అన్నా, నాకు తెలీదు. అమ్మకి ఫోన్ చేశాను. చేతులు వణుకుతూ టైప్ చేస్తున్నాను.

ఆగస్టు మొదట్లో పెద్ద గేదె ఎనిమిదో నెలలో ఈసుకుపోయిందట. మాయ పడలేదట. పశువుల డాక్టరు సెలవులో ఉంటే నాన్నే చేత్తో లాగేశాడట, గ్లవ్స్ ఏమీ లేకుండా. వేలికి మిర్చి కాయ కోతలో తెగిన గాయం కూడా ఉందట. "దాన్ని జ్వరానికి ఎందుకు చెప్తాంరా" అంటోంది అమ్మ. ఇన్ని రోజుల్లో ఎవరూ అడగలేదు కూడా.

*(సవరణ: మిర్చి కోత ఆగస్టులో ఉండదని ఒకరు మెసేజ్ పెట్టారు. నిజమే, కంగారులో తప్పు రాశాను. గడ్డి కోస్తుంటే కొడవలి తగిలి తెగింది.)*

గోపాలమిత్ర_సిద్దిపేట | అక్టోబర్ 10, మధ్యాహ్నం 2:58

దాన్ని ఈసుడు రోగం అంటరు. ఇంగ్లీషుల బ్రూసెల్లోసిస్. మాయల, ఉమ్మనీటిల క్రిములు కుప్పలు కుప్పలుగ ఉంటయి. మనిషి చేతికి గీత ఉన్నా చాలు, కంట్ల చుక్క పడ్డా చాలు. మా తోటి వర్కర్‌కు ఇట్లనే అయింది, ఆర్నెల్లు కీళ్ళ డాక్టర్ల చుట్టూ తిరిగిండు. పోయి అడుగుండ్రి.

సీమ_ఫిజీషియన్ | అక్టోబర్ 10, సాయంత్రం 4:30

వాసుగారూ, ఇది పూర్తిగా సరిపోతోంది. సాయంత్రం జ్వరం, చెమట, నడుం నొప్పి, తిల్లి, లివర్ ఎంజైములు, పెరగని తెల్లకణాలు. డాక్సీకి తగ్గి తిరగబెట్టడం కూడా. డాక్సీ బ్రూసెల్లా మీద పనిచేస్తుంది. కానీ ఒక్క మందు, ఏడు రోజులు దానికి చాలదు. తగ్గడం చూసి మనమంతా స్క్రబ్ అని చప్పట్లు కొట్టాం.

ఒక మాట ఒప్పుకోవాలి. సెప్టెంబర్ 15నే మీరు గేదెలని రాశారు. నేను లెప్టో వరకే ఆలోచించి ఆగిపోయాను. గోపాలమిత్ర గారు అడిగిన ప్రశ్న నేను అడగాల్సింది.

రేపు డాక్టర్‌గారికి మాయ సంగతి మొదటి వాక్యంగా చెప్పండి. బ్రూసెల్లా యాంటీబాడీలను చూసే రోజ్ బెంగాల్ పరీక్ష, ట్యూబ్ అగ్లుటినేషన్, వీటితో పాటు కొత్త బ్లడ్ కల్చర్. నడుం కోసం ఎమ్మారై. టీబీ పరీక్షలూ ఆపొద్దు, నడుం నొప్పితో వచ్చే జ్వరంలో ఈ రెండూ ఒకలాగే కనిపిస్తాయి.

సూక్ష్మదర్శిని | అక్టోబర్ 10, సాయంత్రం 5:15

కల్చర్ చీటీ మీద "బ్రూసెల్లా అనుమానం" అని పెద్ద అక్షరాలతో రాయించు తమ్ముడూ. రెండు కారణాలు. ఒకటి, ఇది నిదానంగా పెరుగుతుంది. ఇప్పటి మెషీన్లలో ఎక్కువగా వారంలోపే దొరుకుతుంది కానీ సీసాని తొందరపడి పారేయకూడదు. రెండోది మా ప్రాణాలు. ల్యాబ్‌లో గాలి ద్వారా మాకు అంటుకునే వాటిలో ఇది ముందు వరసలో ఉంటుంది. చెప్పకపోతే ఎవరో ఒక కొత్త అమ్మాయి మామూలు బల్ల మీద ప్లేటు తెరుస్తుంది.

అగ్లుటినేషన్ ఎక్కువ పలచనల దాకా చేయమనండి. యాంటీబాడీలు మరీ ఎక్కువుంటే మొదటి గొట్టాల్లో ఏమీ గడ్డకట్టదు, చూసి నెగటివ్ అనేస్తారు.

పల్నాటి_వాసు | అక్టోబర్ 18, రాత్రి 7:30

వచ్చేసింది. రోజ్ బెంగాల్ పాజిటివ్. ట్యూబ్ పరీక్ష 1:640. అక్క చెప్పినట్టే మొదటి రెండు గొట్టాలు ఖాళీగా ఉన్నాయని టెక్నీషియన్ చూపించాడు. ఇవాళ, ఆరో రోజున, కల్చర్ మెషీన్ కూడా మోగింది, అంటే సీసాలో క్రిమి పెరిగింది. ఎమ్మారైలో తుంటి దగ్గరి కీలులో వాపు ఉంది, వెన్నుపూసలు బాగున్నాయి. టీబీ పరీక్షలన్నీ నెగటివ్, ఎకో బాగుంది.

డాక్సీసైక్లిన్, రిఫాంపిసిన్, రెండూ కనీసం ఆరు వారాలు. వెన్నుపూసకి పాకి ఉంటే ఇంకా ఎక్కువ కాలం వాడాల్సి వచ్చేదట.

కోడలమ్మ | అక్టోబర్ 18, రాత్రి 8:05

హమ్మయ్య! మరి ఆ ఇంటి పాలు అందరూ తాగారు కదా, వాళ్ళ సంగతి?

సీమ_ఫిజీషియన్ | అక్టోబర్ 18, రాత్రి 9:00

కాచిన పాలతో భయం లేదు, పెరుగూ మజ్జిగా కాచిన పాలవే అయితే అవీ పర్లేదు. పొదుగు దగ్గర పచ్చిపాలు తాగే అలవాటుంటేనే ఇబ్బంది. మనిషి నుంచి మనిషికి అంటుకోవడం చాలా అరుదు. అమ్మగారికి ఒకసారి పరీక్ష చేయిస్తే సరిపోతుంది.

వాసుగారూ, రిఫాంపిసిన్ వల్ల మూత్రం ఎర్రగా వస్తుంది. ముందే చెప్పండి, లేకపోతే కంగారుపడి మందు ఆపేస్తారు.

పల్నాటి_వాసు | అక్టోబర్ 20, ఉదయం 7:10

ఆలస్యమైపోయింది సార్. నిన్న పొద్దున్నే ఊరంతా లేపాడు.

నిజం_చెప్తా | అక్టోబర్ 20, ఉదయం 9:30

31 రిపోర్టులు, ఒక్క ప్రశ్న. గోపాలమిత్ర అన్నకి కమీషన్ ఎవరిస్తారు?

గోపాలమిత్ర_సిద్దిపేట | అక్టోబర్ 20, మధ్యాహ్నం 12:40

నాకు కమీషన్ వద్దు, రెండు పనులు చేయుండ్రి. ఆ బర్రె కట్టేసిన జాగల సున్నం కొట్టి కడుగుండ్రి. మళ్ళెప్పుడైనా ఈసుకపోతే దూడను, మాయను లోతుగ గుంత తీసి సున్నమేసి పూడ్చాలె, కుక్కలకు వేయొద్దు. చిన్న బర్రెకు ఆడదూడ ఉంటే నాలుగు నుంచి ఎనిమిది నెలల వయసుల టీకా ఇప్పియ్యాలె. 2019 నుంచి సర్కారు ఉచితంగ వేస్తున్నది. జీవితంల ఒక్కసారే. పెద్ద బర్రెలకు, మగదూడలకు వెయ్యరు.

పల్నాటి_వాసు | నవంబర్ 6, రాత్రి 9:15

నాన్నకి జ్వరం లేదు. మూడు కిలోలు పెరిగాడు. అమ్మ పరీక్ష నెగటివ్. పశువుల డాక్టరు గారు వచ్చి రెండు గేదెల రక్తం తీశారు. పెద్దదానికి పాజిటివ్, చిన్నదానికి నెగటివ్.

గేదె బాగానే ఉంది, తింటోంది. సంతకి తోలితే డెబ్బై వేలకి తక్కువ రాదని ఒక బేరగాడు రెండుసార్లు ఇంటికొచ్చాడు. నాన్న ఏమీ మాట్లాడట్లేదు. నిన్న నన్ను ఒక్కటే అడిగాడు: "నాకు ఆరు వారాల మందుంది కదరా, దానికి లేదా?" ఏం చెప్పమంటావ్ అన్నా?

గోపాలమిత్ర_సిద్దిపేట | నవంబర్ 6, రాత్రి 10:02

లేదన్నా. పశువుకు వైద్యం లేదు. సంతకు మాత్రం తోలకుండ్రి, అది ఇంకో ఇంట్ల మాయ వేస్తది. చిన్నదానికి దూరంగ, విడిగ కట్టేయుండ్రి. ఎల్లుండి మీ పశువుల డాక్టర్ సార్‌తోని నేనే ఫోన్ల మాట్లాడుత, నంబరు మెసేజ్ పెట్టు.